రేవులో గ్రామీణ వాతావరణం

పంచాయతీలో చేతులెత్తిన పదకొండు మందికీ చెబుతున్నా, ఇది మీ పనే. ఊరి రేవుకి అడ్డంగా గోడ లేపించింది మీరు. అభినందనలు.

జగన్నాథరావు గారిని నేను తప్పు పట్టను. ఆయన మహనీయులు. ఈ గోదావరి గట్టు మీద మొట్టమొదటి లగ్జరీ హోటలు కట్టిన మనిషి. అంతకుముందు మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు చేసేవారు. ఒకనాడు మా గట్టు మీద కారాపి, ఇంత పెద్ద నది టిక్కెట్టు లేకుండా పారుతోందని కనిపెట్టారు. తరతరాలుగా ఇక్కడే స్నానాలు చేస్తున్నాం, మనలో ఒక్కడికి తట్టిందా?

ప్రతి గదిలోంచీ నది కనపడేలా హోటలు కట్టారు. నదితో పాటు మా ఆడవాళ్లూ, బిందెలూ కనపడ్డాయి. అతిథుల ప్రశాంతతకు భంగకరమని మీరు తీర్మానం రాసి రేవు మూశారు. కొళాయి రెండ్రోజులకోసారి వస్తోంది కదా, చాలదా అన్నారు.

ఆర్నెల్లకి అతిథులే ఫిర్యాదు చేశారు, పల్లె వాతావరణం లేదని. జగన్నాథరావు గారు తడుముకోలేదు. అదే రేవులో బట్టలుతుక్కునే లోవలక్ష్మికి ఉద్యోగమిచ్చారు. హోదా: గ్రామీణ వాతావరణ సహాయకురాలు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటిని తీసుకుని బండకేసి బాదాలి. సబ్బు నిషేధం. నది పాడవుతుందట. పక్కనే పడుతున్న హోటలు మురుగుతో పాడవదట. సొంత బట్టలు గేటు లోపలికి తేకూడదు.

మొన్న పొద్దున రేవు పక్కనే, హోటలు ఆవరణలో ఆయనకి జీవిత సాఫల్య సన్మానం. "ఈ నదిని మీకు పరిచయం చేసే భాగ్యం నాకు దక్కింది" అని సెలవిచ్చారు. మనం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సున్నుండలు పెట్టారు.

అప్పుడే లోవలక్ష్మి సంచిలోంచి ఒక దుప్పటి తీసింది. మంచం పట్టిన అత్తగారు పాపాయమ్మది. రోజూ ఉతకాల్సిందే. సబ్బు పెట్టి మొదలెట్టింది. మేనేజరు ఉదయభాస్కర్ పరుగెత్తాడు.

"ఏంటమ్మా, నిజంగానే ఉతికేస్తున్నావు?"

"మాసిందండి."

"గెస్టులు చూస్తున్నారు."

"చూడ్డానికే కదండీ నన్ను పెట్టింది."

మధ్యాహ్నానికి మెమో వచ్చింది: విధి నిర్వహణలో నిజంగా బట్టలు ఉతికినందుకు తొలగింపు. దుప్పటిని సాక్ష్యంగా ఉంచుకున్నారు. ఉన్నది అదొక్కటే. పాపాయమ్మ వట్టి నులక మీద పడుకుంది. వీపంతా నులక అచ్చులు.

ఇక కబుర్లు చాలు. సోమవారం ఏడింటికి గేటు దగ్గరికి రండి. తీర్మానం చింపండి, తాళం తీయండి. పదకొండు మందితో పాటు సున్నుండలు తిన్నవాళ్లం అందరం రావాలి. సన్మానానికి కట్టుకెళ్లిన తెల్లపంచెలు, పట్టుచీరలు తెచ్చుకోండి. గదుల్లోంచి ఫొటోలు తీస్తే తీసుకోనివ్వండి. ముందు పాపాయమ్మ దుప్పటి విడిపించి ఉతకండి. తర్వాత మీవి.