బొమ్మ పక్కన చీటీ

కళాప్రదర్శనకు వెళ్లి బొమ్మలు చూసేవాళ్లంత అమాయకులు మరొకరు లేరు! బొమ్మ అర్థం చెబుతూ గోడకు అంటించిన చీటీ ఉండగా బొమ్మతో పనేమిటండీ?

ఆ చీటీని మా వృత్తిలో కాన్సెప్ట్ నోట్ అంటారు. పాతికేళ్లుగా నేను రాస్తున్నవి అవే. నా నోట్ చదివితే కళ్లకు శ్రమ లేదు, అర్థం కాలేదని పక్కవాడి ముందు తెల్లమొహం వేయాల్సిన ఖర్మ అసలే లేదు. ఒకసారి విగ్రహం లారీలోనే ఉండిపోయింది. అయినా నా నోట్ చదివి పద్దెనిమిది మంది 'అద్భుతం' అని సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లారు. ఇంతకన్నా రుజువు కావాలా?

మా చెల్లెలు శిల్పి. వాగు మట్టి, ఊక, ఎండిన వేర్లు తప్ప ఇంకేదీ ముట్టుకోదు. ఎనిమిది నెలలు గోళ్లు అరిగేలా పిసికి, నిద్రపోతున్న భూదేవిని చేసింది. మా నాయనమ్మ చెప్పిన కథే అది. మనుషుల రొద భరించలేక భూదేవి అలిగి పడుకుందట. ఎవరైనా మాట్లాడకుండా పక్కన కూర్చుంటే కళ్లు తెరుస్తుందట.

నేను దాన్ని 'మృత్తికా దేహంలో పౌరాణిక మౌనపు ప్రతిఘటన' అని తీర్చిదిద్దాను. చెల్లెలు చదివి, ఇది తను చేసిన బొమ్మ గురించేనా అని అడిగింది. ఇంట్లోవాళ్లకు మన విలువ ఎప్పుడు తెలిసింది గనక!

ప్రారంభం రోజు జనం విరగబడ్డారు. అందరూ నోట్‌కు ఫొటోలు తీసుకున్నారు. కొందరు దాంతో సెల్ఫీలు దిగారు, భూదేవి అడ్డొస్తే కాస్త జరిగి మరీ. నేను బొమ్మకు వీపు పెట్టి అభినందనలు అందుకున్నాను. ఒక్కరైనా వంగి చూస్తారేమోనని చెల్లెలు రెండు గంటలు మూల నిలబడింది.

నాలుగో రోజు గ్యాలరీ మేనేజరు ఫోన్ చేశాడు. బొమ్మ కళ్ల మీద పచ్చగా ఏవో మొలిచాయట. నోట్‌లో 'ఎండిన మట్టి' అని ఉంది కాబట్టి, బొమ్మ నోట్‌తో సరిపోవడం లేదని ఆయన బెంగ. మీరే చెప్పండి, అచ్చయిన నోట్‌ను మారుస్తామా? పీకించేయమన్నాను. పాపం, పట్టకారుతో ఒక్కటి కూడా మిగలకుండా పీకించాడు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. ఆ గింజలు తడిమట్టి రెప్పల మీద తనే నాటిందట. అవి మొలిస్తేనే భూదేవి కళ్లు తెరిచినట్టట. నన్ను తిట్టలేదు.

"అన్నయ్యా, నువ్వు దాన్ని ఒక్కసారైనా చూశావా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. తనకు చెప్పలేకపోయిన నిజం మీకు చెబుతున్నాను. తను ఫోన్‌లో చెప్పింది సగం విని రాసిన నోట్ అది. చూసి ఉంటే, అన్నేసి మాటలు రాయడానికి నాకు చేతులు వచ్చేవి కావు.