భూలక్ష్మి కేకు, పన్నెండు టవర్ల పరువు

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా 'నార్డిక్ మెడోస్' గేటెడ్ కమ్యూనిటీలో, పన్నెండు టవర్లలో ఎక్కడ వెతికినా, చౌక సరుకులతో కేకు చేసుకునే ఇల్లు ఒక్కటి కూడా లేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఈ మాట నివాసులమైన మేమే చెబుతున్నాం కాబట్టి వేరే విచారణ అక్కర్లేదు.

కేకు మాకు వంటకం కాదు, సంస్కారం. హైటెక్ సిటీలో ఐదు రోజులు మీటింగుల్లో నలిగిన మనిషి ఆరో రోజు పిండి కలిపితే మనసు కుదుటపడుతుందని ఎవరో అన్నారు. అప్పటి నుంచి ఫ్లాటుకో ఓవెన్ వెలిసింది. వెన్న డెన్మార్క్‌ది, కోకో బెల్జియంది, వెనీలా మడగాస్కర్‌ది అని ఫొటో కింద రాయడం ఆనవాయితీ అయింది. మైదా ఎక్కడిదో మాత్రం ఎవరూ రాయరు. అసలు మైదా అనే మాటే మేం వాడం, ఆల్ పర్పస్ ఫ్లోర్ అంటాం.

స్టేషన్ రోడ్డులో ఓ చౌక సూపర్‌మార్కెట్ ఉంది. మావాళ్లెవరూ అందులో అడుగుపెట్టరు. పెట్టినవాళ్లు మాస్కు వేసుకుంటారు. ఒకసారి వనస్పతి డబ్బాల వరుసలో కృష్ణప్రియ, శ్యామ్ ఎదురెదురుగా పడ్డారు. కృష్ణప్రియ సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్, మా బేకింగ్ క్లబ్బుకు అధ్యక్షురాలు. శ్యామ్ ఆ క్లబ్బు కార్యదర్శి. "మా డ్రైవర్ వాళ్లింటికి తీసుకెళ్తున్నానండి" అందామె. "నేనూ అంతే, వాచ్‌మన్ అడిగాడు" అన్నాడతను. ఒకరి బుట్టలోకి ఒకరు తొంగి చూడకుండా ఇద్దరూ చెరో కౌంటరుకు వెళ్లిపోయారు.

ఇలాంటి ప్రమాదాలు మళ్లీ జరగకూడదని ఆ పని భూలక్ష్మికి అప్పగించాం. ఆమె మాది సహా ఆరిళ్లలో వంట చేస్తుంది. ఆరిళ్లకూ మైదా, వనస్పతి, కోకో పొడి ఆమే తెస్తుంది. వాటిని గాజు సీసాల్లోకి ఒంపి, ఖాళీ కవర్లను కత్తెరతో సన్నగా కత్తిరించి, పొడిచెత్త అడుగున దాచడం కూడా ఆమె వంతే. కృష్ణప్రియ పిండిలో చెయ్యి పెట్టగానే ఆఫీసు నుంచి కాల్ వచ్చేది. కాల్ ముగిసేసరికి కేకు తయారయ్యేది. ఫొటో మాత్రం ఆవిడే స్వయంగా తీసుకునేది. మిగతా ఇళ్లలోనూ కథ ఇంతే. అలా మూడేళ్లలో భూలక్ష్మి చెయ్యి తిరిగింది.

మా కమ్యూనిటీలో నెలనెలా మొదటి ఆదివారం సంత పెడతాం. అందులో తనకూ ఓ బల్ల ఇప్పించమని భూలక్ష్మి దరఖాస్తు పెట్టుకుంది. ఆమె కోరిక గొంతెమ్మ కోరికేమీ కాదు. ఆరిళ్లలో ఆరు పేర్లతో చలామణీ అవుతున్న తన కేకుకు ఒక్కచోటైనా తన పేరు ఉండాలి, అంతే. ఆమె భర్త సాయిలు మూసాపేటలో బండ్ల నంబర్లు రాసే పెయింటర్‌ను పట్టుకుని, రేకు మీద ఎర్ర అక్షరాలతో 'భూలక్ష్మి కేకులు' అని రాయించి తెచ్చాడు కూడా.

క్లబ్‌హౌస్‌లో కమిటీ కొలువుదీరింది. ఆమె వండిపెట్టే ఆరిళ్ల వాళ్లమూ అందులో సభ్యులమే. సంఘం అధ్యక్షుడు రామచంద్రం గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా! నార్డిక్ మెడోస్ సమానత్వానికి పుట్టిల్లు. పనివాళ్ల లిఫ్టు వేరే అయినా, అదీ పైకే వెళ్తుంది. కనుక భూలక్ష్మి కేకును మనం కేకుగానే చూద్దాం."

ఆమె డబ్బాలో తెచ్చిన కేకును చూశాం, తిన్నాం. రామచంద్రం షుగరు మాత్ర వేసుకుని మరీ మూడో ముక్క తీసుకున్నాడు. "ఇందులో యూరప్ ఉంది!" అని శ్యామ్ కళ్లు మూసుకున్నాడు. ఇక సంతకమే తరువాయి అనగా, ఫారంలో ఒక గడి ఖాళీగా ఉన్నట్టు బయటపడింది.

"సరుకులు ఎక్కడివమ్మా?" అని అడిగాడు రామచంద్రం.

"స్టేషన్ రోడ్డు దుకాణంలకెల్లి తెచ్చిన సార్."

శ్యామ్ కళ్లు తెరిచాడు. రెండో ముక్క తింటున్నప్పుడే గొంతులో ఏదో పట్టేసినట్టయిందని అప్పుడు గుర్తొచ్చిందతనికి. నాకూ కడుపులో కొంచెం తేడాగానే అనిపించింది. కృష్ణప్రియ మెత్తగా నచ్చజెప్పింది. "చూడు లక్ష్మీ, టేస్ట్ వేరు, క్వాలిటీ వేరు. నీకు అర్థం కాదులే."

భూలక్ష్మి నిజంగానే తెల్లబోయింది. "ఏంది మేడం గట్లంటరు? మొన్న మీ బాబు బర్త్‌డేకు చేసింది గూడ గా పిండితోనే కద. ఆరిండ్లకు ఆడికెల్లే తెస్తున్న."

ఆమె గొంతులో నింద లేదు, అదే మా ప్రాణానికి వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఫోను మోగకపోయినా ఆరుగురికీ ఒకేసారి ముఖ్యమైన కాల్స్ వచ్చాయి.

కాల్స్ అయ్యాక తీర్మానం తయారైంది. భూలక్ష్మి అన్న మాట రికార్డుల్లోకి ఎక్కలేదు. ఆమెకు బల్ల మాత్రం ఏకగ్రీవంగా మంజూరైంది, కొద్దిపాటి షరతులతో. బోర్డు మీద ఆమె పేరుకు బదులు 'బెల్లాస్ హార్త్' అని ఇంగ్లీషు పేరు ఉండాలి. కొనేవాళ్లు ఏమడిగినా కృష్ణప్రియ జవాబు చెబుతారు. భూలక్ష్మి కేకు కోయవచ్చు గానీ నోరు విప్పరాదు. పేదల అభ్యున్నతికి ఇదొక మైలురాయి అని రామచంద్రం చదివి ముగించగానే చప్పట్లు మోగాయి.

భూలక్ష్మి మిగిలిన కేకును డబ్బాలో సర్దుకుంది. "నా పేరు లేని కాడ నేనెందుకు సార్? మూడేండ్ల సంది గదే కద చేస్తున్న. మీ బల్ల మీకే ఉండనియ్యుండ్రి" అని లేచి వెళ్లిపోయింది.

నిజం చెప్పొద్దూ, నాకు అప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. కమిటీ సభ్యుణ్ని కనుక ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ సూపర్‌మార్కెట్ ఎదురుగానే ఆమె బండి ఉంది. దాని మీద సాయిలు రాయించిన బోర్డు ఉంది. మైదా సంచీ అందరికీ కనబడేలా పక్కనే ఉంటుంది. రైలు దిగినవాళ్లు, సెక్యూరిటీవాళ్లు, హాస్టల్ పిల్లలు నిలబడి తింటారు. వెన్న ఏ దేశానిదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదట. సాయంత్రం ఆరు దాటితే కేకు దొరకడం కష్టం.

అందుకే నేను ఐదున్నరకే వెళ్తాను. కారును రెండు సందుల అవతల మందుల షాపు ముందు ఆపి నడుస్తాను. నడక ఆరోగ్యానికి మంచిది. నిన్న అక్కడ మీ కారు కూడా కనిపించింది. నేను పలకరించలేదు. మీరు మందుల కోసమే వచ్చి ఉంటారు.