నాలుగో కుర్చీ కవరు

నన్నడిగితే, నెలజీతం తెచ్చుకునే ప్రతి ఉద్యోగికీ సాయంత్రాలు ఇంటింటికీ భోజనం మోసే పనిని చట్టం చేసి మరీ అంటగట్టాలి! ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. మోకాళ్ళ నొప్పులని సణిగేవాళ్ళకి పై అంతస్తుల ఆర్డర్లు ముందుగా ఇవ్వాలి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. పగలంతా నేనొక ఫ్యాన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. ఫ్యాన్ తిరగడం లేదని కొందరూ, తిరిగితే ఆగడం లేదని కొందరూ ఫోన్ చేసి తిడతారు. నేను "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ" అంటాను. సాయంత్రం వీపుకి చదరపు సంచీ తగిలించుకుని, బండి మీద భోజనాలు చేరవేస్తాను. అప్పుడు జనం ఎదురుగా నిలబడి తిడతారు. ఎంత అభివృద్ధి! మొహం చూసి తిట్టేవాళ్ళలో ఎంతో కొంత ఆప్యాయత ఉంటుంది.

ఈ భాగ్యం నాకెలా పట్టిందో చెప్పాలి కదా. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ ఉండేది కాదు. నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ, తనకి తగ్గ ఉద్యోగం దొరికేదాకా మాతోనే ఉంటానన్న మా బావమరిదీ, నలుగురం టీవీ ముందు పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. ఒకరి మోచెయ్యి ఇంకొకరి కూరలో ఉండేది.

"మనుషుల్లా ఒక టేబుల్ చుట్టూ కూర్చుని తినే రాత మనకి లేదా?" అంది మా ఆవిడ. ఎందుకు లేదూ? వాయిదాల మీద టేబుల్, నాలుగు కుర్చీలు తెచ్చేశాం.

ఆ వాయిదాల కోసం జీతం పెంచమని మా సెక్షన్ హెడ్‌ని అడిగాను. ఆయన నా భుజం తట్టి, "నీలాంటి ఓపిక గల మనిషి ఈ కంపెనీకి ఆస్తి" అన్నాడు. ఆస్తికి ఎవరైనా జీతం పెంచుతారా? మీరే చెప్పండి!

అప్పుడు దారి చూపించింది మా బావమరిది. "సాయంత్రాలు మీరు ఖాళీయే కదా బావగారూ! ఫుడ్ డెలివరీ చెయ్యండి, మంచి సైడ్ ఇన్‌కమ్. నేనే చేసేవాణ్ణి గానీ, నాకు ట్రాఫిక్ పడదు" అన్నాడు. తన సుఖం చూసుకోకుండా అవకాశాన్ని ఎదుటివాడికి వదిలేసే మనుషులు ఈ రోజుల్లో ఎంతమంది ఉంటారు?

ఇక లాభాలు చూడండి. డబ్బు పోసి జిమ్‌లో చేరి, ఎక్కడికీ తీసుకెళ్ళని మెట్లు ఎక్కేవాళ్ళున్నారు. నేనెక్కే మెట్లకి పైన ఒక తలుపుంటుంది, దాని వెనక ఆకలితో ఒక మనిషి ఉంటాడు. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో 'డెలివరీ వాళ్ళు లిఫ్ట్ వాడరాదు' అని బోర్డు కూడా పెట్టారు. నా గుండె గురించి మా ఇంట్లోవాళ్ళయినా అంత శ్రద్ధ తీసుకోలేదు! లిఫ్టులో తిండి వాసన వస్తోందని పెట్టారని వాచ్‌మన్ అన్నాడు గానీ, నేను నమ్మలేదు.

వినయం సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఏయ్, పార్సిల్!" అంటే చటుక్కున పలుకుతున్నాను. నా పేరు నాకుండాలనే అహంకారం వదిలించుకోవడానికి వెనకటి మునులకి అడవులు కావలసి వచ్చాయి. నాకు ఒక హెల్మెట్ సరిపోయింది. అడ్రస్ దొరక్క ఫోన్ చేస్తే, "అక్కడే ఉండండి, కనిపిస్తున్నారు" అంటాడు ఆర్డర్ పెట్టినాయన. నేను చెయ్యి ఊపుతాను. ఆయనకి కనిపిస్తున్నది ఇంకో వీధిలో ఇంకో సంచీవాడు. ఇద్దరం ఒకటే అనుకునేంత సమదృష్టి ఆయనకి కలిగిందంటే అది మా చలవే కదా!

ఒకసారి తలుపు తీసింది సాక్షాత్తూ మా సెక్షన్ హెడ్! గభాలున హెల్మెట్ అద్దం దించేశాను. సూప్ ఒలికిపోయిందని ఆయన గొంతు చించుకున్నాడు. నోటికి అలవాటైపోయిన మాట ఊరుకుంటుందా? "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ" అనేశాను.

ఆయన సూప్ సంగతి మరిచిపోయి, "ఈ గొంతు ఎక్కడో విన్నానే" అన్నాడు. నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను.

మర్నాడు మమ్మల్నందరినీ నిలబెట్టి, "నిన్న మా ఇంటికొచ్చిన డెలివరీ మనిషిని చూసి నేర్చుకోండయ్యా! ఏం మర్యాద! ఏం ఓపిక!" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మరీ ముఖ్యంగా" అన్నాడు. నన్ను చూసి నేర్చుకోమని నాకే చెప్పే ఆఫీసరు మీలో ఎవరికైనా ఉన్నాడా?

సంసారం మాటకొస్తే, మా ఇంట్లో ఇప్పుడు గొడవలే లేవు. గొడవపడాలంటే ఇద్దరూ ఒక చోట మెలకువగా ఉండాలి కదా! నేనొచ్చేసరికి టేబుల్ తుడిచేసి ఉంటుంది. నా పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంటుంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు తినేస్తాను. సంచీ కింద పెడితే మురికవుతుంది కాబట్టి దాన్ని నాలుగో కుర్చీలో కూర్చోబెడతాను. మా ఇద్దరిలో ఆ టేబుల్ ముందు కూర్చున్నది అదొక్కటే.

షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు మూడు కుర్చీలకి ఎప్పుడో చిరిగిపోయాయి. నాలుగోది చెక్కుచెదరలేదు. మా బావమరిది ఇంటికొచ్చినవాళ్ళకి అది చూపించి, "క్వాలిటీ చూడండి! నిన్న కొన్నట్టు లేదూ?" అంటాడు.

ఇన్ని సుఖాల మధ్య మొన్న మా అమ్మాయి ఒక పేచీ పెట్టింది. "నాన్నా, ఇవాళ వంట నాది. మొదటిసారి నేనొక్కదాన్నే చేస్తున్నా. నువ్వొచ్చేదాకా ఎవ్వరం తినం."

"ఒక్క ఆర్డర్ ఇచ్చేసి వచ్చేస్తానమ్మా" అన్నాను.

"నిజంగా కూర్చుంటావా? కుర్చీలో?"

"కూర్చుంటానన్నానుగా!"

ఆ ఒక్క ఆర్డరూ హోటల్లో ఆలస్యమైంది. పట్టుకెళితే, ఆ ఇంటాయన స్నానానికి వెళ్ళి ఎంతకీ తలుపు తియ్యలేదు. ఆయన శుభ్రత మీద నాకు ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది. అక్కడినుంచి బయటపడి, అమ్మాయికి ఇష్టమని దారిలో ఐస్‌క్రీమ్ డబ్బా కొని, సంచీలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాను. ఆయాసపడుతూ మా మెట్లు ఎక్కాను. డబ్బా తీసి గుమ్మం ముందు పట్టా మీద పెట్టాను. బెల్ కొట్టాను. రెండడుగులు వెనక్కి వేసి, ఆర్డర్ అందినట్టు ఫోటో తీశాను. మెట్లు దిగి వెళ్ళిపోతున్నాను.

పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నాన్నా! ఎక్కడికి? ఇది మనిల్లే నాన్నా!"

మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఐస్‌క్రీమ్ డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. హెల్మెట్ ఇంకా తియ్యలేదు కాబట్టి పరువు దక్కింది.

అమ్మాయి నా వీపు మీది సంచీ తీసి గోడవారగా పెట్టింది. నేను హెల్మెట్ తీసి నాలుగో కుర్చీలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. అన్నం వేడిగా ఉంది. బంగాళాదుంప కూర ఇంకా వేడిగా ఉంది. నేను మోసే వేడి నా నోటిదాకా వచ్చి ఎన్నాళ్ళయిందో!

"ఎలా ఉంది నాన్నా?"

"ఫైవ్ స్టార్స్!"

"అది కాదు, నిజం చెప్పు."

"ఉప్పు ఎక్కువైందే తల్లీ."

"అమ్మయ్య! ఇన్నాళ్ళకి ఇంట్లో మనిషిలా మాట్లాడారు" అంది మా ఆవిడ, నా పళ్ళెంలో ఇంకాస్త అన్నం పెడుతూ.

అంతలో ఫోన్ మోగింది. కొత్త ఆర్డర్. ఆ హడావుడిలో యాప్ ఆపడం మరిచిపోయాను. టేబుల్ చుట్టూ అందరి చేతులూ ఆగిపోయాయి. మా అమ్మాయి లేచి, వంటింట్లోంచి మూత ఉన్న డబ్బా ఒకటి తెచ్చి నా పళ్ళెం పక్కన పెట్టింది.

"పార్సిల్ కట్టెయ్యనా నాన్నా?" అంది. కోపంగా కాదు, అలవాటుగా అంది.

నేను లేచాను. ఫోన్ తీసుకెళ్ళి సంచీలో పడేసి జిప్పు లాగేశాను. వేడి బయటికి పోకుండా కుట్టిన సంచీ అది. మోత కూడా పెద్దగా బయటికి రాదని ఆ రోజే తెలిసింది. తిరిగొచ్చి, కుర్చీ కవరు చించి పారేసి కూర్చున్నాను. మా బావమరిది ఒక్కడే బాధపడ్డాడు.

వాయిదాలు ఇంకా ఉన్నాయి కాబట్టి నేను చెప్పిన చట్టానికే ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. ఒక్క సవరణ మాత్రం చెయ్యాలి. భోజనాల వేళ మాత్రం అందరికీ మినహాయింపు ఇవ్వాలి! "భోజనాల వేళ కాకపోతే భోజనం ఇంకెప్పుడు మోస్తావయ్యా?" అంటారా? ఆ ఇబ్బంది నేనూ ఇప్పుడే గమనించాను.

అందుచేత అయ్యలారా, అమ్మలారా! ఈ పూటకి మీరే ఏదో ఒకటి వండుకోండి. ఉప్పు ఎక్కువైనా ఫర్వాలేదు. ఆర్డర్ పెట్టి, అది ఎంతకీ రాక ఒళ్ళు మండితే, రేపు పగలు మా ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. మాది ఫ్యాన్ల కంపెనీయే అయినా మొహమాటపడకండి. కంపెనీ ఆస్తి ఒకటి ఇంట్లో కుర్చీ వేసుకుని అన్నం తింటోందని ఎంతసేపైనా తిట్టండి. మీ ఫిర్యాదు నేనే స్వయంగా నమోదు చేసుకుంటాను.