హోదా ప్రకారం కళ్లకలక

ఈ నెల పన్నెండో తేదీ ఉదయం పదిన్నర గంటలకు కళ్లకలకను రద్దు చేస్తున్నట్టు ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఇంత సులువైన ఉపాయం గత ప్రభుత్వాలకు ఎందుకు తట్టలేదో ఎవరికీ అర్థం కాలేదు. రద్దు కార్యక్రమానికి ఊరి చివర ఉన్న చిన్న ఆసుపత్రిని ఎంపిక చేశారు. ఆ కబురు విని అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్కడి నర్సు.

సంబరం మంత్రిగారి గురించి కాదు, కుళాయి గురించి. కట్లు కట్టే గదిలో కుళాయి ఉంది గానీ, దానికి గొట్టం కలపాల్సిన ఉత్తర్వు ఎనిమిది నెలలుగా ఫైల్లో గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఆవిడ రోజూ వీధి చివర నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చి, చెంబుతో చేతులు కడుక్కుని కట్లు కడుతోంది. నడుము పడిపోయింది. మంత్రి వస్తే నీళ్లూ వస్తాయని ఆశపడింది.

నీళ్లు వచ్చిన మాట నిజమే, కాకపోతే ఒక్క పూటకే. గోడ వెనక ఎత్తుగా డ్రమ్ము పెట్టి, తోటమాలిని కాపలా ఉంచి, కుళాయికి రబ్బరు గొట్టం తగిలించారు. దానికి రిబ్బను కట్టారు. కొత్త సబ్బును పళ్లెంలో పెట్టి, తడిస్తే ఫొటోలో బాగుండదని కాగితం విప్పలేదు.

మంత్రిగారు నల్లకళ్లద్దాలతో కారు దిగారు. "చేతులు శుభ్రంగా ఉంటే ఏ రోగమూ మన గడప తొక్కదు!" అంటూ కుళాయి కింద చేతులు పెట్టారు. తర్వాత అద్దాలు తీసి, చింతనిప్పుల్లా ఉన్న కళ్లను ఒక తువ్వాలుతో ఒత్తుకున్నారు. దాని మీద బంగారు దారంతో 'శుభ్రత' అని కుట్టి ఉంది. ప్రజల కోసం నిద్ర మానుకుని కళ్లు అలా అయ్యాయని పెద్దాఫీసరు గద్గద స్వరంతో వివరించాడు.

ఆ తువ్వాలుకు ఒక ప్రోటోకాల్ ఉంది. మంత్రిగారి తర్వాత ఆయన కార్యదర్శి, ఆ తర్వాత పెద్దాఫీసరు, అలా హోదా ప్రకారం సిబ్బంది ముప్పై ఒక్కమందీ మొహం కడుక్కుని దాంతోనే తుడుచుకోవాలి.

నర్సు పెద్దాఫీసరు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "సార్, మనిషికో తువ్వాలు ఉంటే మంచిది. ఆ కళ్లు చూస్తుంటే..."

"ఏ కళ్లు?"

"మంత్రిగారివి సార్."

"మంత్రిగారి కళ్లు పరీక్ష చెయ్యమని నీకు ఉత్తర్వులేమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

"మరింకేం!"

నర్సు వంతు వచ్చేసరికి తువ్వాలు పిండితే కారేలా ఉంది. ఆవిడ మెల్లగా వెనక్కి జారుకుని, తన చెంబు నీళ్లతో కడుక్కుని, తన తువ్వాలుతో తుడుచుకుంది.

మూడు రోజుల్లో శాఖ మొత్తం కళ్లు ఎర్రబడ్డాయి. ముందు కార్యదర్శికి, సాయంత్రానికి పెద్దాఫీసరుకు, మర్నాడు సూపరింటెండెంటుకు, చివరికి తోటమాలికి. సీనియారిటీ జాబితా ఎక్కడా తప్పలేదు. ఒక చిన్న గుమాస్తాకు మాత్రం పై గుమాస్తా కంటే రెండు గంటల ముందే దురద మొదలైంది. మర్యాద తెలిసినవాడు కనుక, పై ఆయన నలుపుకునేదాకా ఓర్చుకున్నాడు.

నాలుగో రోజు పెద్దాఫీసరు విచారణకు ఆసుపత్రికే వచ్చాడు.

"నీ కళ్లేమిటి, తెల్లగా ఉన్నాయి?"

"నాకు రాలేదు సార్."

"అదే అడుగుతున్నా. కార్యక్రమానికి వచ్చిన ప్రతివాడికీ వచ్చింది. నీకు రాలేదంటే నువ్వు కార్యక్రమానికే రాలేదన్నమాట!"

"వచ్చాను సార్. నా తువ్వాలుతో తుడుచుకున్నాను."

"సొంత తువ్వాలా!" పెద్దాఫీసరు నొచ్చుకున్నాడు. "మంత్రిగారిది పనికిరాలేదా నీకు?"

"సార్, మరి నా కుళాయి గొట్టం..."

"సిబ్బంది నూటికి నూరుశాతం పాల్గొన్న ఆసుపత్రికే గొట్టం. నీ ఒక్కదాని వల్ల తొంభై ఏడు దగ్గర ఆగింది. ఫైలు మూసేస్తున్నా."

నర్సుకు ఒళ్లు మండిపోయింది. కానీ బయట బల్ల మీద కాలు కాలిన చిన్నపిల్ల కట్టు కోసం కూర్చుని ఉంది. బకెట్లో అరచెంబు నీళ్లు కూడా లేవు. నర్సు కట్ల గదిలోకి వెళ్లి, పళ్లెంలో ఉన్న సబ్బు కాగితం విప్పింది. బకెట్ అడుగున మిగిలిన నీళ్లతో తడిపి, నురగ తీసి, కళ్లకు రుద్దుకుంది.

"సార్, నాకూ వచ్చేసింది," అంది గోడ తడుముకుంటూ తిరిగొచ్చి. కళ్లు తెరవలేకపోతోంది, నీళ్లు ధారలు కడుతున్నాయి.

"శభాష్! ఆలస్యమైనా నలుగురిలో కలిశావు," అన్నాడు పెద్దాఫీసరు. కాగితం మీద కలం గీసిన చప్పుడు వినిపించింది. "రేపే గొట్టం వేయిస్తా, సరేనా?"

ఎనిమిది నెలల తర్వాత ఆ మాట చెవిన పడేసరికి నర్సుకు నిజంగానే ఏడుపొచ్చింది. "చాలు సార్, చాలు. కాస్త తుడుచుకోవడానికి ఏమైనా ఉంటే ఇద్దురూ, మంట ఎత్తిపోతోంది," అని చెయ్యి చాచింది.

"అయ్యో, తుడుచుకోమ్మా," అన్నాడు పెద్దాఫీసరు కరిగిపోయి. తను కళ్లొత్తుకుంటున్న గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మెత్తగా, చెమ్మగా ఉంది. నర్సు రెండు కళ్లూ గట్టిగా ఒత్తుకుంది. వేళ్లకు కుట్టుదారపు అక్షరాలు గరుగ్గా తగిలాయి.