కామెడీ అరలో మంత్రిగారు

"ప్రజలన్నాక అభిప్రాయాలుండాలి. లేనివాళ్ళకు ప్రభుత్వమే సమకూరుస్తుంది," అని వీక్షణ శాఖ మంత్రిగారు పోయిన నెల మొదటి సోమవారం ప్రకటించారు. ఆ శాఖ పుట్టిన దగ్గర్నుంచి ఇంత గొప్ప ప్రకటన వెలువడలేదు. శాఖ పుట్టి నాలుగు నెలలే అయిందనుకోండి. అయినా గొప్ప గొప్పే.

జనం ఇళ్ళల్లో కూర్చుని, డిస్కులు పెట్టుకుని, సినిమాలు చూసి ఊరుకుంటున్నారనీ, ఆ ఊరుకోవడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదనీ మంత్రిగారి ఆవేదన. అందుకని పథకం పెట్టారు. కామెడీ, సంగీతం, కుటుంబం అని మూడు విభాగాలు. చూసినవాళ్ళు ఫారం మీద అభిప్రాయం రాయాలి. తొలివిడతకు ఎన్నో సినిమాలు పరిశీలించి, చివరికి ఒకదాన్ని ఎంపిక చేశారు. అది మంత్రిగారి సొంత సినిమా కావడం ఆయన తప్పు కాదు.

సినిమా ఆయన జీవితకథే. హీరో ఆయనే, హీరో తండ్రీ ఆయనే. తల్లిగారు నిక్షేపంలా ఉన్నారు గానీ, కథకు బలం కావాలని సినిమాలో చంపేశారు. కళ కోసం కన్నతల్లిని కూడా వదులుకున్న నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. హాళ్ళలో విడుదల చేస్తే తొక్కిసలాటలో జనం పోతారని దయతలచి, నేరుగా డిస్కుగా వదిలారు.

ఇందులో నా పాత్ర చెప్పాలి. నాకు సినిమా డిస్కులు అద్దెకిచ్చే షాపుంది. మూడు అరలు: కామెడీ, సంగీతం, కుటుంబం. మా షాపులో ఒక పద్ధతి. ప్రతి డిస్కు పెట్టెలోనూ ఒక అట్టముక్క ఉంటుంది. చూసి తిరిగిచ్చేటప్పుడు దాని మీద ఒక్క మాటైనా రాయాలి. రాయకపోతే ఇంకో డిస్కు ఇవ్వను. తర్వాత తీసుకునేవాళ్ళు అట్ట చదివి గానీ డిస్కు ముట్టుకోరు. మా వీధిలో ఆ అట్ట మాటకు తిరుగులేదు. కుట్టుమిషను పిన్నిగారు "ఏడుపు సరిపోలేదు" అని రాసిందంటే ఆ డిస్కు ఇక దుమ్ము పట్టాల్సిందే. లెక్కల మాస్టారైతే మాటలు దండగని మార్కులేస్తారు. ఇంతవరకు యాభై దాటించిన పాపాన పోలేదు.

ఈ పద్ధతి చూసి నా షాపును ఆదర్శ వీక్షణ కేంద్రంగా ప్రకటించారు. ప్రకటించిన అధికారి మా బావ, అంటే అక్క మొగుడు.

మా బావ నిప్పులాంటి మనిషి. పదకొండేళ్ళుగా ప్రభుత్వంలో తాత్కాలిక ఉద్యోగం చేస్తున్నాడు. శాఖలు మారాయి, మంత్రులు మారారు, తాత్కాలికం మాత్రం శాశ్వతంగా ఉండిపోయింది. ఇప్పుడు అభిప్రాయ సేకరణాధికారి. మూడొందల ఫారాలూ పది డిస్కులూ వేసుకుని షాపుకొచ్చి, బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకున్నాడు.

"ఎనభై శాతం అనుకూలంగా వస్తే నన్ను పర్మనెంటు చేస్తారట్రా. ఫైలు మీద రాశారు."

"రాకపోతే?"

"ఈ నెలాఖరుకి ఇంటికే."

వెనకే అక్క వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, పదకొండేళ్ళ నుంచీ ప్రతి ఏడాదీ ఈయన ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఈసారి కాకపోతే నావల్ల కాదు. ఏం చేస్తావో చెయ్యి," అంది. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. ఆ రోజు పెట్టుకుంది.

సినిమాను కుటుంబం అరలో పెట్టాం. మూడు రోజుల్లో ఫారాలొచ్చాయి. బావ మొదటిది తీసి చదివాడు.

"'ఇంటిల్లిపాదీ కలిసి చూడటం మొదలుపెట్టాం. పావుగంటకు ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళలో ఈ ఇంట్లో ఇన్ని గదులున్నాయని మొదటిసారి తెలిసింది.' ఇది అనుకూలమేనంటావా?"

"ఇంటికి అనుకూలమే, బావా. సినిమాకి కాదు."

మాస్టారు నాలుగు మార్కులేశారు. రెండు డిస్కు గుండ్రంగా ఉన్నందుకట, రెండు పూర్తయినందుకట. పిన్నిగారు ఫారం నిండా రాసింది. "తల్లి చనిపోయే సీనులో నవ్వాగలేదు. వెనక్కి తిప్పి తిప్పి చూశాం. మా ఆడపడుచుకి నడుం పట్టేసింది."

అనుకూలం ఏడు శాతం తేలింది. ఆ ఏడు శాతమూ ఫారం తలకిందులుగా పట్టుకుని టిక్కు పెట్టినవాళ్ళు.

"నాలుగు ఫారాలు మనమే రాసేద్దామా?" అన్నాను.

బావ నావైపు చూసిన చూపుకి నేనే తలదించుకున్నాను. "ప్రజల అభిప్రాయం మార్చడం నేరం. అక్షరం కూడా ముట్టుకోను," అన్నాడు. కాసేపు ఆలోచించి, "విభాగం మార్చడం మాత్రం పరిపాలన," అని, డిస్కులు పట్టుకెళ్ళి సంగీతం అరలో పెట్టాడు.

అక్కడ కొంత మెరుగుపడింది. "మూడు నెలలుగా నిద్రపోని మా పాప రెండో పాటకు నిద్రపోయింది" అని ఒకావిడ రాసింది. దాన్ని బావ ఆనందంగా అనుకూలంలో వేశాడు. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టారని పదకొండుమంది రాశారు. "తాళం వేశారేమో," అని వాటినీ పరిశీలించాడు గానీ, మనస్సాక్షి ఒప్పుకోలేదు. పంతొమ్మిది దగ్గర ఆగింది.

మిగిలింది ఒకే అర. ఇద్దరం దానివైపు చూశాం.

"మంత్రిగారి తల్లి చనిపోతుంది, బావా, ఇందులో."

"నాకు మాత్రం తెలీదూ?" అని, బావ కళ్ళు మూసుకుని డిస్కులు కామెడీ అరలో పెట్టాడు.

ఇక చూడండి. అవే ఫారాలు, అవే మాటలు, అక్షరం మారలేదు. నడుం పట్టేసిందన్నది అనుకూలం. పొట్ట చెక్కలైందన్నది అనుకూలం. కొత్తగా అట్ట చదివినవాళ్ళు డిస్కు కోసం వరసకట్టారు. పళ్ళ డాక్టరుగారు, "నోరు తెరవనని మొండికేసే రోగులకు చూపిస్తున్నాను," అని రెండోసారి తీసుకెళ్ళారు. మాస్టారు జీవితంలో మొదటిసారి యాభై దాటించి తొంభై తొమ్మిది వేశారు. ఆ ఒక్క మార్కూ మంత్రిగారు మళ్ళీ నటించకుండా ఉండాలని ఆపారట.

తొంభై ఆరు శాతం!

బావ నివేదిక రాశాడు. మొదటి పేజీలో తొంభై ఆరు అంకె అరచెయ్యంత ఉంది. విభాగం పేరు ముప్పై ఒకటో పేజీలో, అనుబంధం కింద, చీమ తలకాయంత ఉంది. ప్రభుత్వంలో ముప్పై ఒకటో పేజీ చదివినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆ ధైర్యంతో పంపాడు.

నాలుగో రోజు పి.ఎ. ఫోను. "మంత్రిగారు చాలా సంతోషించారు. మీ ఆర్డరు టైపయింది. సంతకం మీ కేంద్రంలోనే పెడతారట. ప్రజల మధ్య కూర్చుని సినిమా చూస్తారు. బుధవారం, మధ్యాహ్నం మూడింటికి."

బావ రిసీవరు పెట్టేసి, గోడకు చేరగిలబడ్డాడు. "ప్రజల మధ్యట్రా. తల్లి సీనొస్తుంది. వీళ్ళు పగలబడి నవ్వుతారు. ఆయన చూస్తాడు. నా పని అయిపోయింది."

అక్క చీర కొంగు దోపుకుంది. "నవ్వకుండా ఉండమని చెబుదాం. మనుషులు కారా? వింటారు," అంది.

ముగ్గురం ఇల్లిల్లూ తిరిగాం. బావకు చెయ్యి చాపడం చేతకాదు, చేతులు జోడించడం ఆ రోజే నేర్చుకున్నాడు. "పిన్నిగారూ, ఒక్క రెండున్నర గంటలు. నవ్వొద్దండీ. మీరు నవ్వితే నాకు అన్నం లేదు," అన్నాడు.

పిన్నిగారు మిషను ఆపేసింది. "అదేం మాట బాబూ, మీ ఉద్యోగం కంటేనా? పళ్ళూడినా నవ్వం. మా ఆడపడుచుని మాత్రం తీసుకురాను. దానికి అదుపు లేదు," అంది. మాస్టారు ఆలోచించి, "పదిహేడో ఎక్కం లోపల్లోపల చదువుకుంటాను. అది చదువుతూ నవ్వినవాడు లేడు," అని హామీ ఇచ్చారు. వీధి వీధంతా మాటిచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ రోజు మా వీధిని చూసి నాకు కడుపు నిండిపోయింది.

బుధవారం వచ్చింది. షాపులో కుర్చీలు వేశాం. వెలుతురు తగ్గాలని షట్టరు సగం దించాం. కామెడీ అరకు దుప్పటి కప్పాం. పాతికమందిమి కుక్కిన పేనుల్లా కూర్చున్నాం.

మంత్రిగారు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. పక్కన పి.ఎ. ఒడిలో బావ ఆర్డరూ నివేదికా ఉన్నాయి. మంత్రిగారు వెనక్కి తిరిగి, ఎంతో నిరాడంబరంగా ఒక నిజం చెప్పారు.

"ఈ సినిమా నేనింకా చూడలేదు. ప్రజాసేవలో తీరిక ఎక్కడిది? ముక్కలు ముక్కలుగా తీశారు. మొదటి ప్రదర్శన రోజు దీపం వెలిగించి, ప్రసంగించి వెళ్ళిపోయాను. గొంతు కూడా ఎవరిదో పెట్టారట. ఇవాళ మీతో పాటే చూస్తా."

సినిమా మొదలైంది. మొదటి గంట ఎలాగో గడిచింది. హీరో ఇరవై ఏళ్ళవాడు. విగ్గు కనుబొమల దాకా ఉంది. పాట వచ్చినప్పుడు వెనక వరసలో ఎవరికో దగ్గొచ్చింది. అక్క వెనక్కి తిరిగి చూసేసరికి దగ్గు నయమైపోయింది.

తర్వాత తల్లి సీనొచ్చింది.

తల్లి మంచం మీద ఉంది. హీరో పరుగెత్తుకొచ్చి నోరు తెరిచాడు. నోరు మూసుకున్నాక "అమ్మా!" అని వినపడింది. తల్లి ప్రాణం విడిచింది. విడిచాక ముక్కు మీద ఈగ వాలితే చేత్తో తోలుకుని, మళ్ళీ విడిచింది. తండ్రి లోపలికొచ్చాడు. కొడుకు తండ్రిని కావలించుకోబోయి జానెడు దూరంలో గాలిని కావలించుకున్నాడు. ఆ గాలి భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే మీసం సగం ఊడి, ఏడుపుకి తగ్గట్టు ఊగడం మొదలెట్టింది.

నా పక్కన మాస్టారి పెదవులు కదులుతున్నాయి. "పదిహేడు ఏళ్ళు నూటపంతొమ్మిది, పదిహేడు ఎనిమిదులు నూటముప్ఫయ్యారు..." ఆయన నుదుటి మీద నరం లేచింది. పిన్నిగారు సూది తీసి చిటికెన వేలికి గుచ్చుకుంది. పళ్ళ డాక్టరుగారు నోట్లో దూది కుక్కుకున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కుతోంది, ఎముకలు విరుగుతాయేమోనన్నంత గట్టిగా. బావ మాత్రం తెర వైపు చూడటం లేదు. మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు, దండం పెడుతున్నట్టు.

పాతికమందిలో ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక్క పన్ను కూడా బయటపడలేదు. అంతటి త్యాగం నేను చరిత్రలో చదవలేదు.

అప్పుడు ముందు వరసలోంచి కిసుక్కుమని వినపడింది.

మళ్ళీ వినపడింది. తర్వాత భళ్ళున పగిలింది. మంత్రిగారు! కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని, కాళ్ళు నేలకేసి కొడుతూ నవ్వుతున్నారు.

"ఓరి వీడి దుంపతెగ! ఆ మీసం చూడవయ్యా! గాలిని... గాలిని కావలించుకున్నాడు! ఎవడయ్యా వీడు?"

పి.ఎ. వంగి, "తమరేనండీ," అన్నాడు.

మంత్రిగారు నవ్వు ఆపి, తెరవైపు చూశారు. బావ గోడ పట్టుకున్నాడు.

"నేనా?" అన్నారు మంత్రిగారు. "నాలో ఇంత ఉందని ఒక్కడూ చెప్పలేదేమయ్యా! పడీ పడీ నవ్వాను! ఏ విభాగంలో పెట్టారు దీన్ని?"

పి.ఎ. నివేదిక తిరగేశాడు. పేజీ తర్వాత పేజీ, చివరికి ముప్పై ఒకటో పేజీ చేరాడు. "కామెడీ అండీ. తొంభై ఆరు శాతం."

"భేష్! సరిగ్గా అంతే ఉండాలి!" అని మంత్రిగారు ఆర్డరు అందుకున్నారు. కలం మూత తీశారు. అక్క నా చెయ్యి వదిలేసింది. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో మంత్రిగారు, జనంతో సంతోషం పంచుకుందామని కాబోలు, వెనక్కి తిరిగారు.

పాతికమందిమి పాతికమందీ, బిగించిన పెదవులతో, రాళ్ళలా ఆయన్ను చూస్తున్నాం. ఆయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ మొదటికొచ్చారు. కలానికి మూత పెట్టారు.

"అధికారీ," అన్నారు బావతో. "నేను నవ్వి నవ్వి చచ్చాను. వీళ్ళలో ఒక్కడు నవ్వలేదు. మరి నీ తొంభై ఆరు శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

"అయ్యా, వాళ్ళు నిజంగానే..."

"ప్రజల అభిప్రాయాలు సొంతంగా సృష్టిస్తావా? నా దగ్గరా? నా శాఖలో దొంగ ఫారాలా?"

"సార్, వాళ్ళు నవ్వుతారు సార్, మేమే..." అని అక్క లేచింది.

మంత్రిగారు ఆర్డరును నాలుగు ముక్కలు చేసి పి.ఎ. చేతిలో పెట్టారు. అవినీతిని అంత వేగంగా నిర్మూలించడం నేను కళ్ళారా చూశాను. ఆయన తలవంచి షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళారు. కారు వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. సినిమా ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరికీ ఆపాలని తోచలేదు.

చాలాసేపటికి పిన్నిగారు వేలికి గుచ్చిన సూది పీకేసి, బావ వైపు తిరిగింది.

"బాబూ, ఇప్పుడు నవ్వచ్చా?"

"నవ్వండి, పిన్నిగారూ," అన్నాడు బావ.

ఎవరికీ రాలేదు.