వనెట్టా సొరుగులో జేబు పిస్తోళ్లు

జేబు పిస్తోలుని దొంగల భయంతో కనిపెట్టారని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లు పెళ్లికానివాళ్లయి ఉంటారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ వస్తువుని భార్య కంట పడకుండా ఇంట్లోకి తేవడానికే చేశారని నా నమ్మకం. చేసినవాడూ నాలాంటి మొగుడే అయివుంటాడు. కాకపోతే వాడి భార్య వనెట్టా కాదు, అదీ వాడి అదృష్టం.

మా వనెట్టా జేబులు వెతకదు. గుమ్మంలో నిలబడి నా నడక చూస్తుంది, అంతే.

"ఎడం జేబా, కుడి జేబా?"

"ఏమిటది?"

"ఎడం భుజం దించి నడుస్తున్నావు హార్లన్. బయటికి తియ్యి."

తీశాను. బెల్జియంలో చేసిన పాతకాలపుది. ఇరవై అయిదు క్యాలిబర్. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, నా తెలివి కంటే కాస్త పొట్టి.

"దీంతో ఎవర్ని కాలుస్తావయ్యా?"

"కాల్చడానికి కాదే, దాచుకోడానికి."

"అదీ మంచిదే. ఇంత గుండు తగిలితే దొంగ పారిపోడు. ఒళ్లు మండి ఇంకో గంట కూర్చుంటాడు."

నిజం చెప్పొద్దూ, అప్పటికే ముందుగదిలో అద్దాల బీరువా కిటకిటలాడుతోంది. చోటు చాలక ఒక బుల్లి డెరింజర్‌ని, అదే రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయే, దాన్ని గుడ్డలో చుట్టి పంచదార డబ్బాలో పెట్టాను. సరిగ్గా ఆ వారమే పాస్టరుగారు కాఫీకి వచ్చారు. రెండు చెంచాలు చాలన్నారు. మొదటి చెంచాకే గుడ్డమూట పైకొచ్చి ఆయన కప్పులో దూకింది. ఆయన ఆ రోజు నుంచి చక్కెర మానేశారు. మా ఇంటికి రావడం కూడా మానేశారు.

పాస్టరు వెళ్లాక వనెట్టా తీర్పు చెప్పింది. "ఇక నీ పేరు మీద ఒక్క పిస్తోలు ఈ గడప దాటిందా, అదీ నువ్వూ కోళ్ల గూట్లో కాపురం పెట్టుకోండి."

మామూలు మొగుడైతే ఏడ్చేవాడు. నేను ఆ మాటల్లో సందు వెతికాను. 'నీ పేరు మీద' అంది కదా! ఆవిడ పేరు మీద అయితే?

ఆ నెలలోనే వనెట్టా పుట్టినరోజు వచ్చింది. ఎర్ర కాగితం చుట్టి, రిబ్బను కట్టి, చర్చి విందులో నలుగురి ముందు చేతికిచ్చాను. లోపల ముత్యపు చిప్ప పిడి ఉన్న బెల్జియం పిస్తోలు. దాని మీద నా కన్ను పడి చాలాకాలమైంది. ఆ పిడి మీద వెలుగు పడితే పావురం మెడలా రంగులు మారుతుంది. అలాంటిది ఒక్కటి చేతిలో ఉంటే చాలు, మనిషికి స్వర్గం మీద పెద్ద ధ్యాస ఉండదు.

"నేను వంటింటికి కుళాయి అడిగాను," అంది వనెట్టా, పళ్ల మధ్య నుంచి.

"కుళాయి ఎవడైనా ఇస్తాడు బంగారం. ఇది నీ అందానికి తగ్గది."

"కారుతున్నది కుళాయి. నా అందం కాదు."

"సరేలే, నీ తరపున నా బీరువాలో భద్రంగా ఉంచుతాను."

"నీకెందుకూ శ్రమ? నాదేగా. నా సొరుగులో ఉంటుంది."

ఉండనీ అనుకున్నాను. సొరుగైతేనేం, ఇల్లు ఒకటే కదా. ఆవిడ పాటల సాధనకి చర్చికి వెళ్లినప్పుడల్లా చేతులు కడుక్కుని, సొరుగు తెరిచి, ముత్యప్పిడిదాన్ని కాసేపు పలకరించి వచ్చేవాణ్ణి.

ఆపైన పండగలన్నీ నాకు కలిసొచ్చాయి. పెళ్లిరోజుకి నికెల్ పూత డెరింజర్. తల్లుల పండక్కి ఫ్రాన్సుది. క్రిస్మసుకి కొత్తరకంది, మీట నొక్కితే గొట్టం పైకి లేస్తుంది. "నీ మణికట్టుకి శ్రమ ఉండదు," అని కూడా చెప్పాను. ఆ మణికట్టుతోనే ఆవిడ మొన్న గేదెంత ఆవుని కొట్టంలోకి తోసింది.

మంచి ఉపాయం కడుపులో దాచుకునే గుణం నాకు లేదు. మంగలి షాపులో మా సంఘం వాళ్లందరికీ చెప్పాను. మా లోయలో జేబు పిస్తోళ్లు పోగుచేసేవాళ్ల సంఘం ఒకటుంది లెండి. అందరూ గడ్డపు సబ్బుతోనే లేచి నా వీపు తట్టి, తమ ఇళ్లలోనూ అదే మొదలెట్టారు. అందరికంటే గట్టిగా తట్టినవాడు ఆర్విల్ క్రమ్.

ఆర్విల్ గురించి చెప్పాలి. ఏటా ఆకులు రాలేవేళ అగ్నిమాపక కేంద్రంలో మా ప్రదర్శన జరుగుతుంది. ఫైరింజన్‌ని బయట నిలబెట్టి లోపల బల్లలు వేస్తాం. మంచి బల్లకి నీలం రిబ్బను. ఏటా అది ఆర్విల్‌కే. వాడు వాటిని ట్రక్కులో అద్దానికి వేలాడదీసి తిరుగుతాడు. వాటి సందుల్లోంచి రోడ్డు కనపడక మా కంచెని గుద్దాడు. కంచెకి జరిగిన నష్టం కంటే ఆ రిబ్బన్లు ఊగడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చచ్చేలోగా ఒక్క నీలం రిబ్బను నా చొక్కాకి తగిలించుకోవాలి. ఇదీ నా కోరిక.

వాడు బావమరిది పిస్తోళ్లు అరువు తెచ్చి బల్ల నింపుతాడని నాకు తెలుసు. అందుకని ఈసారి సంఘంలో లేచి నిలబడి నేనే తీర్మానం పెట్టాను. "ఎవరి బల్ల మీద వాళ్ల సొంత సరుకే ఉండాలి. అరువు సరుకు కనిపిస్తే అక్కడికక్కడే బల్ల మీంచి తీసెయ్యాలి." చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. ఆ వెంటనే మా అధ్యక్షుడు బోయ్డ్ టాకెట్ ఈ ఏటి అంశం చదివాడు: 'ఆడవాళ్ల కోసం చేసిన జేబు పిస్తోళ్లు.'

నాకు కుర్చీలోంచి ఎగరాలనిపించింది. సొరుగంతా అవే కదా!

ప్రదర్శన రోజు పొద్దున ఎంతో ముద్దుగా వంటింట్లోకి వెళ్లాను.

"బంగారం, ఆ సొరుగులోవి ఓ పూట అరువిస్తావా?"

"అరువు సరుకు పెట్టకూడదని ఎవడో తీర్మానం పెట్టాడటగా?"

"నీదీ నాదీ ఏమిటే, మొగుడూ పెళ్లాలం!"

"పుట్టినరోజునాడు చర్చిలో నలుగురి ముందు 'ఇది నీది' అన్నావు. పాస్టరు సాక్షి. చక్కెర మానేసినా ఆయనకి జ్ఞాపకశక్తి బాగానే ఉంది."

"అయితే అవి సొరుగులోనే మగ్గాలా?"

"మగ్గడమెందుకు? నేను సంఘంలో చేరాను. బోయ్డ్ నాకు కిటికీ పక్క బల్ల ఇచ్చాడు. లే, ఆ పెట్టె ట్రక్కులో పెట్టు. మెల్లిగా! నా సరుకు అది."

అగ్నిమాపక కేంద్రం గుమ్మంలో బోయ్డ్ ప్రతి పిస్తోలూ ఖాళీదేనని చూసి, పేలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతున్నాడు. నేను నా బల్ల మీద పచ్చగుడ్డ పరిచి బీరువాలోంచి తెచ్చినవి పేర్చుకున్నాను. ఒక్కటీ ఆడవాళ్లది కాదు. అన్నీ నాలాగే నల్లగా, బరువుగా, ఆకర్షణ లేకుండా ఉన్నాయి.

కిటికీ వైపు నవ్వులు వినిపించాయి. వెళ్లి చూద్దును కదా, వనెట్టా బల్ల చుట్టూ ఆడవాళ్లు ఈగల్లా మూగారు. ప్రతి పిస్తోలు పక్కనా ఆవిడ చక్కటి దస్తూరీతో చీటీ.

ముత్యప్పిడిదాని పక్కన: 'నేను అడిగింది: వంటింటి కుళాయి. నాకు వచ్చింది: బెల్జియం, ఇరవై అయిదు క్యాలిబర్. స్థితి: పిస్తోలు కొత్తదానిలా ఉంది. కుళాయి ఇంకా కారుతోంది.'

డెరింజర్ పక్కన: 'అడిగింది: మా చెల్లెలి ఊరికి ప్రయాణం. వచ్చింది: ఇది. నేను వెళ్లిన దూరం: సొరుగు దాకా.'

ఫ్రాన్సుదాని పక్కన: 'అడిగింది: ఏమీ వద్దు, సాయంత్రం కాసేపు నాతో మాట్లాడితే చాలు. వచ్చింది: ఇది. దీని గురించి చీకటిపడేదాకా ఆయనే మాట్లాడాడు.'

అది చదివి ఒకావిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక నా వైపు చూసిన చూపులో మాత్రం నవ్వు లేదు.

ఈ గుంపులో ఆర్విల్ భార్య డెల్ఫీ ఉంది. చీటీలన్నీ చదివింది. గిరుక్కున తిరిగి మొగుడి బల్ల దగ్గరికి నడిచింది.

"ఆర్విల్, ఈ ఏనుగుదంతం పిడిది నా పెళ్లిరోజుది కాదూ?"

"అవుననుకో డెల్ఫీ, కానీ ఇప్పుడు..."

"ఇదిగో, ఇది నా యాభయ్యో పుట్టినరోజుది. నేను రగ్గు అడిగాను." ఒక్కొక్కటే తీసి చేతిసంచిలో వేసుకుంటోంది. "ఇది నా ఆపరేషనప్పుడు ఆసుపత్రికి తెచ్చావు. పక్క మంచం ఆవిడకి మొగుడు పువ్వులు తెచ్చాడు."

"బోయ్డ్! ఒరేయ్ బోయ్డ్!" ఆర్విల్ కేక పెట్టాడు. "నా బల్ల దోచేస్తోందిరా!"

బోయ్డ్ కుర్చీ ఎక్కాడు. "సొంతం కాని సరుకు బల్ల మీంచి తీసెయ్యాలని తీర్మానం ఉంది ఆర్విల్. నేనేం చెయ్యను?"

"ఆ తీర్మానం పెట్టిన వెధవ ఎవడు?"

హాలంతా నా వైపు తిరిగింది. బోయ్డ్ కుర్చీ దిగేలోగా వాళ్లావిడ అతని బల్ల సగం ఖాళీ చేసేసింది. ఇంకేముంది, పది వైపుల నుంచీ "ఇది నాది, అదీ నాదే" అని సంచుల చప్పుడు. మంగలి షాపులో నా వీపు తట్టినవాళ్లంతా ఇప్పుడు అదే వీపుని ఇంకోరకంగా చూస్తున్నారు.

అంత గొడవలోనూ నా బుర్ర పనిచేసింది. అదే నా జబ్బు. ఆర్విల్ బల్ల బోడిగుండు అయింది. అందరివీ అంతే. అంశానికి తగ్గ ఆడ పిస్తోలు ఒక్కటి, ఆ ముత్యప్పిడిది, నా బల్ల మీదుంటే రిబ్బను నాదే! అరువు కూడదు. మార్పిడి చేసుకుంటే సొంతమే కదా?

"వనెట్టా, ముత్యప్పిడిది మార్చుకుందామా?"

ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చింది. "ఏమిస్తావు?"

నా బల్ల మీంచి ఒకటి తెచ్చాను. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "గొట్టం మీద నీలిపూత మళ్లీ వేయించారు. అక్షరాల అంచులు అరిగిపోయాయి చూడు. ఇదొక్కటే చాలదు."

ఇంకోటి తెచ్చాను. "పిడి అసలుది కాదు. మరలు కొత్తవి."

"ఇవన్నీ నీకెవరు నేర్పారే?"

"నువ్వే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి భోజనాల దగ్గర ఇంకేమైనా మాట్లాడావా?"

న్యాయనిర్ణేత, పక్క జిల్లా మ్యూజియం పెద్దమనిషి, అప్పటికే గుమ్మంలోకి వచ్చేశాడు. నాకు కంగారు పుట్టింది. ఒకటొకటిగా మోస్తూ ఆ బల్లకీ ఈ బల్లకీ పరిగెత్తాను. ఆవిడ ప్రతిదానికీ ఒక వంక పెట్టి పక్కన పెట్టుకుంటూనే ఉంది. ఆఖరికి "సరేలే, పాపం" అని ముత్యప్పిడిదాన్ని చీటీతో సహా నా చేతిలో పెట్టింది.

పరుగున వచ్చి దాన్ని పచ్చగుడ్డ మధ్యలో పెట్టాను. అప్పుడు చూసుకున్నాను. గుడ్డ మీద అదొక్కటే ఉంది. ఉతికి ఆరేసిన దుప్పటి మీద గోరువంక వాలినట్టుంది.

పెద్దమనిషి వచ్చాడు. "ఇంతేనా?"

"ఇంతే. కానీ ఈ పిడి చూడండి, వెలుగు పడితే..."

"చూశాను. దీని చీటీ కూడా చదివాను." గొంతు తగ్గించి అడిగాడు. "కుళాయి మార్చారా మరి?"

అక్కణ్ణుంచి ఆయన తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లాడు. నా దగ్గర గుంజుకున్నవన్నీ వనెట్టా అప్పటికే వరసగా పేర్చేసింది. వాటికి ఒకే చీటీ: 'అడిగింది: ఏమీ లేదు. వచ్చింది: ఇవన్నీ.'

నీలం రిబ్బను ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు. చప్పట్లలో డెల్ఫీవి అందరికంటే గట్టిగా వినిపించాయి. ఫొటో తీసేవాడు నన్ను చూసి, "కూలీలు కాస్త పక్కకి జరగండి" అన్నాడు.

తిరుగుదారిలో ట్రక్కు ఆవిడే నడిపింది. వెనక పెట్టె నిండా నా ఒకప్పటి పిస్తోళ్లు. ఆవిడ చొక్కాకి రిబ్బను. అయినా మనిషికి ఏదో ఒక ఓదార్పు ఉండాలి కదా. నా చొక్కా జేబులో, గుండె మీద, ముత్యప్పిడిది చల్లగా తగులుతోంది. రిబ్బను పోతే పోయింది. ఇది మాత్రం నాది. నా పేరు మీద. పైగా ఆవిడే ఇచ్చింది కనక కోళ్ల గూడు భయం కూడా లేదు.

కొండమలుపు తిరిగాక వనెట్టా మెత్తగా అంది. "వచ్చే శనివారం ఏమిటో గుర్తుందా?"

"పశువుల సంత."

"మన పెళ్లిరోజు."

జన్మలో మొదటిసారి బుద్ధిగా అడిగాను. "ఏం కావాలే నీకు? నోరు తెరిచి అడుగు. ఈసారి నువ్వడిగిందే తెస్తాను, ఒట్టు."

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పి నా చొక్కా వైపు చూసి నవ్వింది.

"పెద్దదేమీ వద్దులే హార్లన్. ఏదైనా చిన్నది చాలు. జేబులో పట్టేదైనా సరే."

చప్పున జేబు బొత్తం పెట్టేసుకున్నాను. శనివారం నాడు నా చేత్తో నేనే విప్పాను.