పండుగ భాగాల్లో కలిసిన సూదిమందు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు యాభై ఏడో ఏట వచ్చాయి. మనవరాలి పక్కన కూర్చుని, దాని పలక మీదే నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి. ఈ కథ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. యూసుఫ్ సాబ్ ఇంట్లో వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకుంటారు కానీ, నాకు తెలిసింది తెలుగే కాబట్టి వాళ్ళ మాటలూ తెలుగులోనే రాశాను. సాదియా రాయమంటేనే రాశాను.

యూసుఫ్ సాబ్‌ది ఆదోనిలో పరుపులు కుట్టే దుకాణం. ఆ బక్రీదు ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పనులు మూడే. నమాజు తరువాత కుర్బానీ, మధ్యాహ్నానికి మాంసం భాగాలు పంచడం, మూడు గంటలకు కూతురు సాదియాకు సూదిమందు.

సాదియాకు పందొమ్మిదేళ్ళు. ఒంట్లోకి వచ్చే రోగాలతో పోరాడవలసిన శక్తే దారి తప్పి ఆ పిల్ల మూత్రపిండాల మీద పడింది. లక్షల మందిలో ఒకరికి వస్తుందని బెంగళూరు డాక్టరు చెప్పాడు. పొద్దున లేస్తే కళ్ళ కింద వాపు, మూత్రంలో నురగ. వారానికి రెండుసార్లు పొట్ట చర్మం కింద ఎక్కించుకునే ఆ మందు కోసం యూసుఫ్ సాబ్ ఆరు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. అది తప్పితే మిగిలేది డయాలిసిస్ అని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. నెలకు ఎనిమిది సీసాలు వెండి రంగు సంచిలో, చల్లని పొట్లాల మధ్య వస్తాయి. ఆ సంచిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వేడి తగలకూడదు, గడ్డ కట్టకూడదు.

ఈ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. మూడో మనిషి యూసుఫ్ సాబ్ తల్లి నూర్ బీ. చుట్టాలు అడిగితే పిల్లకు రక్తం తక్కువని ఆమె చెప్పేది. పండుగ రోజు వచ్చినవాళ్ళందరూ నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరుస్తారని, సంచి మీది ఆసుపత్రి పేరు కనబడకుండా పొద్దున్నే దాన్ని నల్ల కవరులో చుట్టి ముడి వేసింది. ఆ తరువాత మాంసం భాగాలు కూడా అలాంటి నల్ల కవర్లలోనే వేసి అదే ఫ్రిజ్‌లో పేర్చింది. ఆ ఇంట్లో వేరే రంగు కవర్లు లేవు.

పదకొండు గంటలకు యూసుఫ్ సాబ్ తమ్ముడు మోయిన్ వచ్చాడు. ఎమ్మిగనూరులో ఉన్న ఉజ్మా ఇంటికి భాగాలు చేర్చే పని అతనిది. ఉజ్మా అతనికి అక్క, యూసుఫ్ సాబ్‌కు చెల్లెలు. నూర్ బీ రెండు చేతులూ మాంసంలో ఉన్నాయి.

"నడిమి అరలో కవర్లు ఉండాయి సూడు. అన్నీ ఎమ్మిగనూరువే. బస్సు పోతాది, బిరీన తీస్కపో," అంది.

మోయిన్ అన్నీ తీసుకుపోయాడు. ఆ సంచి కూడా చేతికి మెత్తగా, చల్లగా, కిలో బరువుగానే ఉంది.

రెండు గంటలకు సాదియా ఫ్రిజ్ తెరిచి సంచి కోసం చూసింది.

"దాదీ, నా సంచి యాడ?"

నూర్ బీ వచ్చి చూసి, చేతులు తుడుచుకోకుండానే నేల మీద కూర్చుంది.

యూసుఫ్ సాబ్ తమ్ముడికి ఫోను చేశాడు. అతను తిరుగు బస్సులో ఉన్నాడు. "ఐదు కవర్లూ ఉజ్మా చేతికే ఇచ్చినా. ఎవరికి యాది అనేది ఆమే సూసుకుంటాది. ఏమైంది భాయ్?" అన్నాడు. యూసుఫ్ సాబ్ ఏమీ కాలేదని చెప్పి పెట్టేశాడు. ఉజ్మాకు చేయబోతే తల్లి చేయి పట్టుకుంది.

"ఫోన్లో సెప్పొద్దు. పోయి కవరు తీస్కరాండి. మందనే మాట ఎత్తొద్దు. ఉజ్మా చెవిన పడితే ఊరంతా పడినట్టే."

తండ్రీకూతుళ్ళు పరుపులు తోలే ఆటోలో బయలుదేరారు. దారిలో వడగాలి కొడుతోంది. యూసుఫ్ సాబ్ చెల్లెలికి చెప్పవలసిన అబద్ధాన్ని పైకే అనుకుంటూ బండి నడిపాడు. సాదియా వాచిన కనురెప్పల మధ్య నుంచి రోడ్డు చూస్తూ, ఆ ఎనిమిది సీసాలకు ఇప్పుడు ఎంత వేడి తగులుతోందో అనుకుంటోంది.

ఉజ్మా గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పండగ పూట అన్న వచ్చినాడు," అని మురిసిపోయింది. ఆ మురిపెం అర నిమిషం నిలిచింది.

"అదేమి లేదు చెల్లీ. మోయిన్ తెచ్చిన కవర్లల్లో ఒకటి వాపసు కావాల," అన్నాడు యూసుఫ్ సాబ్.

ఉజ్మా ముఖం మారిపోయింది. ఇచ్చిన కుర్బానీ భాగాన్ని తిరిగి అడగడం ఆ ఇళ్ళల్లో ఎవరూ వినలేదు.

"వాపసా?"

"దాంట్లో కండ లేదు, బొక్కలు ఎక్కువ పడినాయి. మంచిది కాదు."

"అంటే బొక్కలు నాకు పంపినారా? ఇరవై రెండేండ్లుగా నేనేమన్నా అడిగినానా భాయ్? అమ్మీనే ఈ మాట సెప్పి పంపిందా?"

ఆమె లోపలికి పోయి, ఉన్న కవర్లన్నీ తెచ్చి అన్న కాళ్ళ దగ్గర పెట్టింది. పొయ్యి మీద సగం ఉడికిన గిన్నె కూడా దించి పక్కనే పెట్టింది. యూసుఫ్ సాబ్ ఆ చెమటలోనే కూర్చుని ముడులు విప్పాడు. నాలుగు కవర్లు. నాలుగింట్లోనూ మాంసమే.

"ఐదోది?"

"హుసేనప్పకు ఇచ్చినా. బీదోళ్ళ భాగం పంచొద్దా? అదీ వాపసు కావాల్నా?"

హుసేనప్ప వెనక సందులో మగ్గం నేసే హిందువు, పీర్ల మొక్కుకు పెట్టిన పేరది. వాళ్ళు వెళ్ళేసరికి మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. వెనకే ఉజ్మా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ రావడం చూసి, తనవల్ల ఏదో పెద్ద తప్పు జరిగిందని అనుకున్నాడు.

"అప్పా హుసేనప్పా, మా చెల్లెలు ఇచ్చిన కవరు ఏం చేసినావు?"

ఇచ్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేశానంటే సాబుకు ఎక్కడ నొప్పి కలుగుతుందోనని హుసేనప్ప చేతులు కట్టుకున్నాడు.

"తినేసినాము సాబ్. శానా బాగుండె."

"అంతా?" అన్నాడు యూసుఫ్ సాబ్.

"అంతా. పిల్లోళ్ళు గూడా ఇష్టంగా తినిరి."

"ఎట్ల తినినారప్పా?"

"ఎట్లంటే... ఏంచుకోని," అన్నాడు హుసేనప్ప. "రవ్వంత ఉప్పు తక్కువైంది. అది మా తప్పే."

సాదియా అంతవరకు అతని నుదుటి వైపే చూస్తోంది. కనుబొమల మధ్య ఆంజనేయస్వామి గుడి సిందూరం ఇంకా తడిగానే ఉంది.

"పెద్దయ్యా, ఈ పొద్దు శనివారం. మీరు నీసు తింటారా?"

హుసేనప్ప శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషని ఆ సందులో అందరికీ తెలుసు. అతను తలవంచుకున్నాడు. యూసుఫ్ సాబ్ మళ్ళీ బొక్కల సంగతి ఎత్తబోయాడు. సాదియా తండ్రి భుజం మీద చేయి వేసి ఆపింది.

"ఇంక సాలు అబ్బా," అంది. తరువాత అందరికీ వినబడేలా, తొందర లేకుండా చెప్పింది. "దాంట్లో మాంసం లేదు పెద్దయ్యా. నా మందు ఉంది. నా మూత్రపిండాలు సెడిపోతాండాయి. ఆ మందు లేకపోతే నేను బతికేది మిషను మీదనే. మీరు ఎవరికి ఇచ్చినా ఏమనుకోను. యాడ ఉందో సెప్పండి."

ఉజ్మా ఏడుపు ఆగిపోయింది. హుసేనప్ప చెప్పులు కూడా వేసుకోకుండా ముందు నడిచాడు.

"ఇంట్లోకి తేగూడదని రూతమ్మకు ఇస్తిని తల్లీ. మా సందుకు సూదులేసే నర్సమ్మ. నేను దాన్ని ఇప్పలేదు. ఇచ్చినదాన్ని ఇప్పి సూడకూడదు కదా."

రూత్ ఇంటికి తాళం ఉంది. హుసేనప్ప వాళ్ళను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. ఆమె అక్కడే ఉంది. పిల్లల టీకాలు ఉంచే ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని, సంచి మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తోంది.

"ఎవరిదీ మందు?" అని అడిగింది.

"నాదే," అంది సాదియా.

"కూరకు ఉల్లిగడ్డలు తరిగి పెట్టుకోని కవరు ఇప్పినా. లోపల సీసాలు. తొమ్మిదేండ్లు టీకాలు మోసినదాన్ని, చల్లని మందంటే తెలీదా? కూర ఆడనే ఇడిసి ఈడికి తెచ్చినా. మందుకు నల్ల కవరు కట్టిన మారాజు ఎవరు?"

యూసుఫ్ సాబ్ ఆ కవరును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బెంగళూరు నర్సు ఫోనులోకి వచ్చింది. సంచి ఎన్ని గంటలు బయట ఉంది, చల్లని పొట్లాలు కరిగాయా, మందు రంగు మారిందా అని అన్నీ అడిగింది. రూత్ ఒక్కొక్క సీసా వెలుతురులో పట్టుకుని జవాబులు చెప్పింది. అటువైపు ఎవరినో అడిగి వచ్చేవరకు అందరూ నిలబడే ఉన్నారు. యూసుఫ్ సాబ్ పెదవులు మాత్రం కదులుతున్నాయి. చివరికి వాడుకోవచ్చనే మాట వచ్చింది.

సాదియా ఆసుపత్రిలో నేర్పినట్టు చేతులు కడుక్కుని, అక్కడే బల్ల మీద కూర్చుని తనే సూది పెట్టుకుంది. మందు మెల్లగా ఎక్కుతోంది. ఉజ్మా పక్కన చేరి మేనకోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. వాచిన చర్మం మీద ఆమె వేలు పెడితే గుంట పడి, తిరిగి లేవడానికి చాలాసేపు పట్టింది.

"నాకు సెప్పగూడదా బిడ్డా?"

"దాదీ వద్దనింది ఫుప్పీ. మీకు తెలిస్తే ఊరంతా తెలుస్తాదని."

"తెలుస్తాది," అని ఉజ్మా ఒప్పుకుంది. "తెలిసినందుకే కదా ఈ పొద్దు నలుగురు ఎతికినారు."

సాయంత్రం ఉజ్మా కూడా వాళ్ళతోనే ఆదోని వచ్చింది. నూర్ బీ గుమ్మంలో తస్బీ పూసల దండ పట్టుకుని కూర్చుంది. సంచిని చూసి, మనవరాలిని దగ్గరకు తీసుకుని, చాలాసేపు ఆ పిల్ల తల మీద నుంచి చేయి తీయలేదు.

సాదియా సంచిని లోపల పెడదామని ఫ్రిజ్ తెరిచింది. నడిమి అరలో పాల ప్యాకెట్లు రాళ్ళలా ఉన్నాయి. నీళ్ళ సీసాలు నిలువునా గడ్డ కట్టి రెండు పగిలిపోయాయి. టమాటాలు కదిపితే గోలీల్లా మోగాయి. ఇంత మాంసం చెడిపోతుందేమోనని నూర్ బీ పొద్దున్నే చల్లదనం పెంచే లోపలి చక్రాన్ని చివరిదాకా తిప్పింది. మందు తన చోట తను ఉండి ఉంటే సాయంత్రానికి మిగిలిన సీసాలన్నీ గడ్డ కట్టి పారేయవలసినవే.

యూసుఫ్ సాబ్, ఉజ్మా, సాదియా ముగ్గురూ తిరిగి నూర్ బీ వైపు చూశారు. ఆమె పాల ప్యాకెట్టును ఒకసారి గోడకు కొట్టి చూసింది. తస్బీ చేతిలోకి తీసుకుంది.

"అందుకే కదా నేను పంపించేసింది," అంది.

తిప్పమ్మ, అరవై మూడు ఏండ్లు. పుట్టింది ఆలూరు దగ్గర పల్లెలో. ఇప్పుడు ఉండేది ఆదోనిలో, యూసుఫ్ సాబ్ ఇంటికి ఎదురుగా.